ఆడ బెట్టా ఎందుకు కొట్లాడుతుంది? ఫైటర్ చేప వెయ్యేళ్ళ చరిత్ర

ఇవాళ ఎపిసోడ్ ఫైటర్ చేప గురించి. షాపుల్లో ఫైటర్ అంటారు, పెంచేవాళ్ళు బెట్టా అంటారు. రెండూ ఒకటే. చిన్నప్పుడు నేను బెట్టా అంటే బెట్టు చేసే చేప కాబోలు అనుకునేవాడిని. నిజానికి అది జావా వైపు ఈ జాతి చేపలకి ఉన్న స్థానిక పేరు నుంచి వచ్చింది.

మీరు ఏ ఎక్వేరియం షాపుకి వెళ్ళినా కౌంటర్ మీద వరసగా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో చేప. పట్టుచీర కుచ్చిళ్ళు విప్పినట్టు తోక, నీలం, ఎరుపు, తెలుపు. అవన్నీ మగవి. అదే షాపులో ఓ మూల తొట్టిలో పొట్టి తోకలతో ఓ పది పదిహేను చేపలు కలిపి వేసి ఉంటాయి. "ఇవేంటన్నా?" అని అడిగితే, "అవి ఆడవి తమ్ముడూ, అంత అందంగా ఉండవు, కావాలంటే తక్కువకే ఇస్తా" అంటారు. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ మూల తొట్టిలో ఉన్న వాటి గురించే.

ఎందుకంటే నేను ఆ తక్కువ ధర చూసి ఐదు ఆడ బెట్టాలు తెచ్చుకున్నాను. అరవై లీటర్ల ట్యాంకు, మొక్కలు, ఫిల్టరు అన్నీ పెట్టాను. "మగవి కలిపి ఉంచకూడదు, ఆడవైతే గుంపుగా ఉంటాయి" అని ఎక్కడో విన్నాను, నమ్మేశాను. మొదటి పది రోజులు నిజంగానే బాగుంది. కాసేపు ఒకదాన్ని ఒకటి తరుముకునేవి, తర్వాత సర్దుకునేవి. మూడో వారంలో ఒకటి ఫిల్టరు వెనక దాక్కుని బయటికి రావడం మానేసింది. తిండి వేసినా రాలేదు. తోక చివర్లు చిరిగిపోయాయి. ఒకరోజు పొద్దున లేచి చూస్తే పోయింది. నాలుగు రోజులకి ఇంకోటి. మిగిలిన మూడింటినీ విడదీసేలోపు మూడోది కూడా దక్కలేదు. చివరికి రెండు మిగిలాయి. వాటిలో ముదురు నీలం రంగుది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దాన్ని నీలి అని పిలుస్తాను.

నీళ్ళు బాగోలేదేమో అనుకున్నాను. టెస్ట్ చేశాను, బాగానే ఉన్నాయి. అప్పుడు నాకొచ్చిన అనుమానం ఇది. మగ బెట్టాలు కొట్లాడతాయంటే అర్థముంది, వాటిని తరతరాలుగా పందేల కోసం పెంచారు. మరి ఆడవాటిని ఎవ్వరూ ఏ పందెంలోనూ దింపలేదు కదా. ఇవెందుకు కొట్లాడాలి? దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే ఎక్వేరియం పుస్తకాల్లో కాదు, చరిత్రలో దొరికింది. అదే ఇవాళ మీకు చెప్తాను.

ముందు ఈ చేప ఊరు చూద్దాం. బెట్టా స్ప్లెండెన్స్ అనే ఈ చేపది థాయిలాండ్, అంటే పాత పేరు సయాం. చావో ఫ్రాయా నది చుట్టూ ఉండే పల్లపు నేల, వరిమళ్ళు, కాలవలు, గడ్డి పెరిగిన చిత్తడి గుంటలు దీని ఇల్లు. మన గోదావరి డెల్టాలో వరిచేలు, బోదెలు ఎలా ఉంటాయో ఊహించుకోండి, దాదాపు అలాంటి చోటే. నీళ్ళు లోతు ఉండవు, వెచ్చగా ఉంటాయి, నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువే. అందుకే ఈ చేప తలలో లాబిరింత్ అనే ఒక అవయవం ఉంటుంది. పైకొచ్చి నోటితో గాలి గుటకేసి, ఆ గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. మన కొర్రమీను కూడా ఇలా పైకొచ్చి గాలి పీల్చుకునే చేపే.

ఈ గాలి పీల్చుకునే గుణమే దానికి శాపమైంది. చిన్న డబ్బాలో వేసినా వెంటనే చావదు కాబట్టి, దానికి డబ్బా చాలు అనుకున్నారు. బతికి ఉండటం వేరు, బాగా ఉండటం వేరు కదా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

థాయ్ భాషలో దీని పేరు ప్లా కట్. ప్లా అంటే చేప, కట్ అంటే కరవడం. కరిచే చేప. అడవి చేపల్లో కూడా మగవి కొట్లాడతాయి, కానీ దానికో కారణం ఉంటుంది. మగది నీటి మీద బుడగలతో గూడు కడుతుంది. ఆడది వస్తే ఒంటితో చుట్టేసి పట్టుకుంటుంది, అప్పుడు గుడ్లు రాలతాయి. మగది ఒక్కో గుడ్డూ నోటితో ఏరుకుని గూట్లో పెడుతుంది. అంతా అయ్యాక ఆడదాన్ని తరిమేసి, పిల్లలు ఈదేదాకా తనే కాపలా కాస్తుంది. కాబట్టి గూడున్న చోటికి ఇంకో మగది వస్తే గొడవే. అయితే అడవిలో ఓడినదానికి పారిపోవడానికి బోలెడంత చోటుంది. కాసేపటికి ఒకటి వెనక్కి తగ్గుతుంది, కథ అయిపోతుంది. ఆడది కూడా అంతే, తరిమితే గడ్డిలోకి దూరి వెళ్ళిపోతుంది.

ఈ చిన్న గొడవని మనుషులు చూశారు. మనిషి చూశాక ఊరుకుంటాడా? పట్టుకొచ్చి సీసాలో వేసి పందెం కాశాడు. మనకి కొత్తేం కాదు కదా, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు ఎలా ఉంటాయో తెలుసు. పల్నాటి యుద్ధానికి కూడా కోడిపందెమే నిప్పు పెట్టిందని కథ చెప్పుకుంటాం.

చేప పందేల గురించి బయటి ప్రపంచానికి రాసి చెప్పినవాళ్ళలో ముఖ్యుడు థియోడర్ కాంటర్. డెన్మార్క్‌లో పుట్టిన డాక్టరు, ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి, పెనాంగ్‌లో పనిచేశాడు. 1840 ప్రాంతంలో సయాం రాజు ఇచ్చిన పందెం చేపలు చేతులు మారి ఈయన దగ్గరికి వచ్చాయని చెబుతారు. అప్పటి రాజు మూడో రామా, 1824 నుంచి 1851 వరకు పాలించాడు. కాంటర్ మలయా చేపల మీద రాసిన పెద్ద జాబితా 1849-50లో మన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలోనే అచ్చయింది. అంటే ఈ చేప సైన్స్ కాగితాల్లోకి ఎక్కింది మన దేశం నుంచే.

ఆ జాబితాలో ఆయన రాసిన సంగతులు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మలయా వాళ్ళకి కోడిపందెం ఎంత పిచ్చో, సయాం వాళ్ళకి చేప పందెం అంత పిచ్చి అంటాడు. పందెం ఆడించడానికి లైసెన్సు ఉండేదట, దాన్ని కౌలుకిచ్చేవారట, దాని మీద రాజుకి ఏటా బాగానే ఆదాయం వచ్చేదట. డబ్బులైపోతే కొందరు తమని తాము, తమ కుటుంబాల్ని కూడా ఒడ్డేవారని కూడా రాశాడు. ఇది చదివినప్పుడు నాకు మహాభారతంలో జూదం గుర్తొచ్చింది. ఆట ఆడేది మగవాళ్ళు, బరిలో ఉన్నది మగ చేపలు. ఓడితే పోయేది మాత్రం ఆటలో లేని ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు కూడా.

కాంటర్ ఈ చేపని పగ్నాక్స్ అనే పేరు కింద ఒక రకంగా చేర్చాడు. లాటిన్‌లో పగ్నాక్స్ అంటే కయ్యానికి కాలు దువ్వేది అని అర్థం. తర్వాత లండన్‌లో చార్లెస్ టేట్ రీగన్ అనే చేపల శాస్త్రవేత్త చూసి, పెనాంగ్ వాగుల్లో ఉండే పగ్నాక్స్ వేరు, సయాం పందెం చేప వేరు అని తేల్చాడు. 1910లో దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని కొత్త పేరు పెట్టాడు. స్ప్లెండెన్స్ అంటే మెరిసేది. చూడండి, పేరు కొట్లాటకోరు నుంచి మెరుపు దాకా వచ్చింది. లోపలి గుణం మాత్రం మారలేదు. ఆ మెరుపు పేరు కూడా మగదాన్ని చూస్తేనే సరిపోతుంది, ఆడదానికి అంతగా అతకదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హ్యూ మెకార్మిక్ స్మిత్ అని ఒక అమెరికన్ ఉండేవాడు. 1923లో సయాం ప్రభుత్వానికి చేపల సలహాదారుగా వెళ్ళాడు, అక్కడి మత్స్యశాఖకి మొదటి అధిపతి కూడా అయ్యాడు. ఆయన 1937లో ఈ పందెం చేపల మీద ఒక వ్యాసం రాశాడు. అడవి చేపల పోరు నిమిషాల్లో ముగిసిపోతుంది, పెంచిన చేపల పోరు గంటల తరబడి సాగుతుంది అని ఆయన గమనించాడు. పందెంలో చావు ముఖ్యం కాదు. ఏది ముందు ముఖం తిప్పుకుంటే అది ఓడినట్టు. అంటే పెంచేవాళ్ళు వెతికింది బలం ఒక్కటే కాదు, వెనక్కి తగ్గని మొండితనం.

ఆ మొండితనాన్ని ఎలా తయారుచేశారు? ఇక్కడే ఆడ చేప కథలోకి వస్తుంది. ఒక గూటి పిల్లలన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కదా. ఆ గూటిలోని మగవాటిని పందెంలో పరీక్షిస్తారు. ఓడితే ఆ గూటి పిల్లల్నే పక్కన పెట్టేస్తారు. గెలిస్తే ఆ గూటి నుంచే తర్వాతి తరాన్ని తీస్తారు. ఓడిన అన్నతో పాటు చెల్లెలి వంశం కూడా ఆగిపోతుంది. గెలిచిన అన్నతో పాటు చెల్లెలు తల్లి అవుతుంది. చెల్లెలిని ఎవ్వరూ పరీక్షించలేదు, బరిలో దింపలేదు. కానీ అన్నలో మొండితనం పెంచిన జన్యువుల్లో చాలావరకు ఆమెలోనూ ఉంటాయి, ఆమె నుంచి పిల్లలకి వెళ్తాయి. ఇలా వందల తరాలు.

2019లో మకావ్‌లోని సెయింట్ జోసెఫ్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రెయా రామోస్, డేవిడ్ గోన్సాల్వెస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. పందెం కోసం పెంచిన వంశపు చేపల్ని, అడవి రకం చేపల్ని తీసుకుని పోల్చారు. అద్దం చూపించారు, మరో చేపని చూపించారు. పందెం వంశపు మగవి ఎక్కువ దూకుడుగా ఉన్నాయి, అది అనుకున్నదే. పందెం వంశపు ఆడవి కూడా అడవి ఆడవాటి కంటే దూకుడుగా ఉన్నాయి. గెలిచే మగవాటి కోసం చేసిన ఎంపిక, ఆడవాటి స్వభావాన్ని కూడా మార్చేసింది.

నా ప్రశ్నకి జవాబు అదే. నా ట్యాంకులో జరిగిన గొడవ ఆ ఐదు చేపలు ఆ రోజు మొదలుపెట్టింది కాదు. వాటి అమ్మమ్మల అమ్మమ్మల కాలంలో, ఎవరో ఎవరి మీదో పందెం కాసిన రోజున మొదలైంది. పైగా అడవిలో ఓడినదానికి పారిపోయే చోటు ఉంటుంది. నా అరవై లీటర్లలో ఎటు పారిపోతుంది? ఫిల్టరు వెనక్కి తప్ప ఇంకో చోటు లేదు.

ఇంకో మాట. మన షాపుల్లో ఉన్నవి అచ్చంగా పందెం చేపలు కావు కదా, అందం కోసం పెంచినవి కదా అని మీరు అడగొచ్చు. నిజమే. 19వ శతాబ్దం చివరికి ఈ చేపలు ఫ్రాన్స్, జర్మనీ చేరాయి, 1910 ప్రాంతంలో అమెరికా వెళ్ళాయి. అప్పటి నుంచి ఎంపిక దారి మారింది. ఎంత కొట్లాడుతుంది అనే దానికంటే ఎంత పొడుగు తోక, ఎంత రంగు అన్నది ముఖ్యమైంది. 1966లో ఇంటర్నేషనల్ బెట్టా కాంగ్రెస్ అనే సంఘం కూడా పుట్టింది. తర్వాత తోకని అర్ధచంద్రంలా, 180 డిగ్రీలు విప్పే హాఫ్‌మూన్ రకం వచ్చింది. 1990ల చివర్లో ఇండోనేషియా నుంచి దువ్వెన పళ్ళలాంటి తోకతో క్రౌన్‌టెయిల్ వచ్చింది. కానీ వీటన్నిటికీ మూలం ఆ పందెం చేపలే. తోక పొడుగైంది, లోపల ఉన్నది పూర్తిగా పోలేదు.

సినిమాలు కూడా ఆ ముద్రనే పెంచాయి. 1963లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో విలన్ తొట్టిలో మూడు ఫైటర్ చేపలు చూపిస్తాడు. రెండు కొట్లాడుకుంటుంటే మూడోది చూస్తూ ఉంటుంది, గెలిచింది అలిసిపోయాక దాని పని పడుతుంది. బెట్టా అంటే కొట్లాట అనే మాట అలా అందరికీ స్థిరపడిపోయింది. ఆడ బెట్టా ఒకటి ఉంటుందన్న సంగతే చాలామందికి తెలీదు.

ఒక తమాషా చెప్పనా? పందెం చేపలకి తోక పొట్టి. పొడుగు రెక్కలుంటే కొట్లాటలో చిరిగిపోతాయి. ఇప్పటికీ పొట్టి తోక రకాన్ని ప్లకాట్ అనే అంటారు, ఆ థాయ్ పేరే. అంటే పొడుగు తోక తర్వాత పెంచి తెచ్చుకున్న అలంకారం. మనం అందంగా లేదని మూలన పెట్టే ఆడ బెట్టా, ఆకారంలో పాతకాలపు బెట్టాకి దగ్గరగా ఉంటుంది. దీని వల్ల షాపులో ఒక పొరపాటు కూడా జరుగుతుంది. పొట్టి తోక మగ ప్లకాట్‌ని ఆడదని ఇచ్చేస్తారు. గుర్తుపట్టాలంటే పొట్ట కింద చూడండి. పొట్ట కింది రెక్కల వెనక ఉప్పు రవ్వలాంటి చిన్న తెల్ల చుక్క ఉంటుంది, అది గుడ్లు వచ్చే దారి. పెద్దయిన ఆడవాటిలో అది బాగా తెలుస్తుంది. పిల్ల చేపల్లో మాత్రం మోసపోతాం.

అసలు బెట్టాల్లో ఆడ, మగ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది శాస్త్రవేత్తల్ని కూడా చాలాకాలం తిప్పలు పెట్టింది. 1937లో న్యూయార్క్‌లో నోబుల్, కంఫ్ అనే ఇద్దరు ఆడ బెట్టాల అండాశయం తీసేసి చూశారు. కొన్నిటిలో దాని స్థానంలో వృషణం పెరిగింది, అవి మగవాటిలా మారిపోయాయి. 1968లో జీన్ లూకాస్ అనే అమెరికన్ తన పీహెచ్‌డీలో బెట్టా రంగుల్నీ, ఆడ మగ నిర్ణయం అనే చిక్కునీ కలిపి చదివాడు, అయినా చిక్కు వీడలేదు.

2022లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ బృందం పెంచిన చేపల్నీ, అడవి చేపల్నీ తీసుకుని వాటి మొత్తం జన్యువుల్ని చదివింది. వాళ్ళు చెప్పినవాటిలో రెండు మనకి ముఖ్యం. ఒకటి, ఈ చేపని మనిషి పెంచడం మొదలుపెట్టి కనీసం వెయ్యేళ్ళయింది. అంటే మన దగ్గర రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో ఉన్న కాలానికే, అక్కడ సయాం నేలలో ఈ చేపని మచ్చిక చేస్తున్నారన్నమాట. రెండోది ఇంకా విచిత్రం. అలంకారం కోసం పెంచే బెట్టాల్లో ఆడ మగ నిర్ణయించేది ముఖ్యంగా డీఎంఆర్‌టీ1 అనే జన్యువు. అదే జాతి అడవి చేపల్లో మాత్రం ఆ జన్యువుకి ఆ పెత్తనం కనిపించలేదు. అంటే వెయ్యేళ్ళ పెంపకంలో మారింది తోక, రంగు, కోపం మాత్రమే కాదు. ఏది ఆడ, ఏది మగ అన్నది తేలే పద్ధతి కూడా మారినట్టుంది. ఆ మూల తొట్టిలో ఉన్న ఆడ చేప అలా ఉండటం వెనక కూడా మనిషి చెయ్యి ఉందన్నమాట.

ఇదంతా విన్నాక "సరే, ఇప్పుడు మేం ఏం చెయ్యాలి?" అంటారా? చరిత్ర తెలిస్తే పెంపకం మారుతుంది. నేను మార్చుకున్నవి చెప్తాను.

మొదటిది, ఆడ బెట్టాని ఒక్కదాన్నే పెంచండి. గుంపుగా పెట్టి బాగా నడిపేవాళ్ళు ఉన్నారు, కాదనను. పెద్ద ట్యాంకు, గుబురుగా మొక్కలు, ఒకే గూటి నుంచి చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన చేపలు, గొడవ మొదలైతే వెంటనే విడదీయడానికి విడి ట్యాంకులు, ఇవన్నీ ఉంటాయి వాళ్ళ దగ్గర. అయినా నెలల తరబడి బాగున్న గుంపు ఉన్నట్టుండి చెడిపోవచ్చు. మొదటిసారి పెంచేవాళ్ళకి ఆ సాహసం వద్దు. ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందేమో అనుకోకండి, బెట్టా గుంపులో బతికే చేప కాదు. షాపులో పది కలిసి ఉన్నాయి కదా అంటారేమో. అక్కడ చేపలు వస్తూ పోతూ ఉంటాయి, ఏదీ ఒక చోటుని తనదనుకునేంత కాలం ఉండదు. ఆ ప్రశాంతత చూసి మోసపోకండి, నేను పోయాను.

రెండోది, డబ్బా కాదు, ట్యాంకు. కనీసం పదిహేను ఇరవై లీటర్లు. మగవాటిని సీసాల్లో విడివిడిగా పెట్టే అలవాటు పందేల కాలం నుంచి వచ్చింది, అది మనుషుల వీలు కోసం. ఇందాక చెప్పా కదా, గాలి పీల్చగలదు కాబట్టి బతుకుతుంది, అంతే. చిన్న డబ్బాలో దాని మలం నుంచి, మిగిలిన తిండి నుంచి వచ్చే అమ్మోనియా త్వరగా పెరిగిపోతుంది. గాలి పైనుంచి పీల్చుకున్నా మొప్పలు, చర్మం ఆ నీళ్ళలోనే ఉంటాయి కదా. మెల్లగా నీళ్ళు కదిలించే స్పాంజ్ ఫిల్టరు చాలు. కొత్త ట్యాంకులో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆగి చేపని తెస్తే మంచిది. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చండి. కొళాయి నీళ్ళలో క్లోరిన్ పోయే మందు కలపకుండా వెయ్యకండి. పైన మూత మర్చిపోవద్దు, ఆడ బెట్టాలు బాగా ఎగురుతాయి.

మూడోది వెచ్చదనం. అది సయాం పల్లపు నేల చేప, 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. విజయవాడ ఎండాకాలంలో హీటరు అక్కర్లేదు. హైదరాబాద్ డిసెంబరు రాత్రుల్లో మాత్రం కావాలి. చలికాలంలో చేప అడుగున పడుకుని తిండి మానేస్తే మందులు వెతికే ముందు థర్మామీటర్ చూడండి.

నాలుగోది బాదం ఆకు. థాయిలాండ్‌లో పెంచేవాళ్ళు ఎప్పటి నుంచో ఎండిన బాదం ఆకు, అరటి ఆకు నీళ్ళలో వేస్తారు. మనం జీడిపప్పుతో పాటు కొనుక్కునే బాదం కాదు, మన వీధుల్లో గొడుగులా పెరిగే నాటు బాదం, ఆకులతో విస్తళ్ళు కుట్టేవాళ్ళు చూడండి, అది. మందులు కొట్టని చెట్టు కింద రాలి ఎండిన ఆకు ఏరి, కడిగి ఒకటి వెయ్యండి. నీళ్ళు టీ డికాక్షన్ రంగుకి వస్తాయి, కంగారుపడకండి. దాని సొంతూరి నీళ్ళు కూడా ఆకులు నానినవే.

చివరిది, దాని ఒంటి భాష. ఒంటి మీద నిలువు చారలు, నిండు పొట్ట కనిపిస్తే గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉందని. తల నుంచి తోక దాకా అడ్డ చారలు, రంగు పాలిపోవడం కనిపిస్తే భయపడుతోందని. మగది లేకపోయినా గుడ్లు పడేసి, తనే తినేస్తుంది, అది జబ్బు కాదు. పొట్ట ఉబ్బి పొలుసులు పైకి లేచి కనిపిస్తే మాత్రం అది గుడ్లు కాదు, జబ్బు. "ఆడది కదా, మగది తోడు ఉండాలి" అని ఒకే ట్యాంకులో వెయ్యకండి. గుడ్లు అయ్యాక తరిమేస్తుందని చెప్పాను కదా. తరిమితే పోవడానికి మీ ట్యాంకులో వరిచేను లేదు.

థాయిలాండ్ ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో ఈ చేపని జాతీయ జలచరంగా ప్రకటించింది. అంతకు ముందు, 2016లో థాయ్ జెండా రంగులున్న ఒక బెట్టా ఆన్‌లైన్ వేలంలో 53,500 బాత్‌లకి అమ్ముడుపోయి వార్తల్లోకెక్కింది. ఇంకో పక్క అడవిలో ఉన్న బెట్టా స్ప్లెండెన్స్ ఐయూసీఎన్ జాబితాలో ముప్పు అంచున ఉన్న జాతుల్లో ఉంది. చిత్తడి నేలలు పోతున్నాయి, పెంచిన చేపలు తప్పించుకెళ్ళి అడవి చేపలతో కలిసిపోతున్నాయి. లక్షల్లో పెంచుతున్న చేప, దాని సొంత ఊళ్ళో తగ్గిపోతోంది. మీ ట్యాంకు చేప వద్దనిపిస్తే చెరువులో వదలొద్దు అని నేను ప్రతిసారీ చెప్పేది కూడా ఇందుకే.

నీలి ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. ఇరవై లీటర్ల ట్యాంకు, ఒక బాదం ఆకు, రెండు మొక్కలు. నేను దగ్గరికెళ్తే అద్దం దగ్గరికి వచ్చి చూస్తుంది. ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి అద్దానికి ఆనిస్తే తన నీడ చూసుకుని మొప్పలు విప్పి కాలు దువ్వుతుంది. మొదట్లో నవ్వొచ్చి వీడియో తీసేవాడిని. ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టుకునే దగ్గరికి వెళ్తున్నాను. వెయ్యేళ్ళు దాని వంశాన్ని రెచ్చగొట్టింది చాలు.

మీ ఇంట్లో కూడా ఆడ బెట్టాలు కలిపి పెట్టి ఉంటే, ఇవాళ రాత్రి లైటు తీసే ముందు ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఏదైనా మూలన దాక్కుని ఉంటే రేపటిదాకా ఆగకుండా విడదీయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.